రెండు వేళ్ళ సందు

ఆ రోజు కిటికీ మూసింది మా నాయనమ్మ కాదు. నేను.

ఈ మాట నా అంతట నేను బయటపెట్టడం ఇదే మొదలు. నా డైరీలో ఒక్కచోట ఉంది. ఆ పేజీలో అక్షరాలు పైనుంచి కిందికి వచ్చేకొద్దీ గీత తప్పి, కుడివైపు జారిపోతాయి. అది రాసేటప్పుడు నాకు ఒంట్లో బాగోలేదని నాకే తెలియదు.

మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్స్ దగ్గర పనిచేస్తాడు. బొగ్గుని గాలి తగలకుండా వేడిచేసి కోక్ చేసే చోటు అది. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఇంకో ఏడాదిలో రిటైర్‌మెంట్ అనగా, కంపెనీ ఖర్చుతో కుటుంబమంతా యాత్రకి వెళ్ళే ఎల్టీసీ ఒకటి వాడుకోకుండా మిగిలిందని తేలింది. ఎల్టీసీ అంటే మా వీధిలో అందరూ తిరుపతి వెళ్తారు, కాకపోతే కాశీ. నాన్న మాత్రం ఒక రాత్రి అన్నం తింటూ, కంచంలోకి చూస్తూ, "ఈసారి మంచు సూద్దామేటి?" అన్నాడు. ముప్పై ఏళ్ళు సెగ దగ్గర నిలబడ్డ మనిషికి ఆ కోరిక కలగడంలో వింత లేదు. మాకే ఎప్పుడూ తట్టలేదు.

"మరి అత్తనేటి సేద్దాం? ఆ సలికి తట్టుకుంటాదా?" అంది అమ్మ.

వెనక వసారాలోంచి నాయనమ్మ గొంతు వినబడింది. "అత్తని గోనిలో ఎట్టి తీసుకెల్లండి. నానూ వొత్తాను."

తాతయ్య పోయాక నాయనమ్మ శ్రీకాకుళం వైపు ఊరినించి పెందుర్తికి, మా ఇంటికి వచ్చేసింది. వచ్చింది గానీ మాలో కలవలేదు. వెనక గదిలో ఆవిడకి వేరే పొయ్యి, చిన్న సిలిండరు ఉండేవి. తెల్లవారకముందే లేచి బెల్లం టీ తనే పెట్టుకునేది. రాగిపిండితో చోడి అంబలి తనే కాచుకునేది. నెలకొకసారి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఊరెళ్ళి, రెండు రోజులుండి, ఏ జీడిపళ్ళో పట్టుకుని వచ్చేది. మా వైపు ఆడవాళ్ళు కొందరిలాగే అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. బొడ్డు దగ్గర గుడ్డసంచిలో చుట్టలు, అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేవి. అమ్మ ఎన్నిసార్లు సణిగినా ఆ సంచి జోలికి ఎవరూ పోయేవారు కాదు.

నాకప్పుడు ఇరవై మూడు. అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. మనుషుల్లో మాట్లాడాలంటే మాట గొంతు దగ్గరే ఆగిపోయేది, ఇప్పటికీ అంతే. ఇంటికొచ్చి డైరీ రాసుకోవడం, దుప్పటి కప్పుకుని పుస్తకాలు చదువుకోవడం. ఇంట్లో నాతో ఎక్కువ మాట్లాడింది నాయనమ్మే. నేను జవాబివ్వకపోయినా ఆవిడకి ఇబ్బంది ఉండేది కాదు.

హిమాచల్‌లో మనాలి దాటి, ఇంకా పైకి వెళ్తే ఒక చిన్న పల్లె ఉంది. అక్కడ రాయీ చెక్కా కలిపి కట్టిన ఒక ఇంట్లో పై గది మాకు ఇచ్చారు. కింద ఇంటావిడ ఒక్కతే ఉంటుంది. నాయనమ్మ ఈడుది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా చేరిన గంటకే ఇద్దరూ మెట్ల మీద కూర్చున్నారు. ఆవిడ బీడీ, ఈవిడ అడ్డచుట్ట. ఇంటావిడ నాయనమ్మ నోరు తెరిపించి లోపల నిప్పు చూసి పెద్దగా నవ్వింది.

ఆ సాయంత్రమే మంచు మొదలైంది. పొద్దున్నకి మెట్లు లేవు, దారి లేదు, ఎదురుగా ఉన్న గొడ్లసావిడి సగం లేదు. నాయనమ్మ మంకీక్యాప్‌లోంచి కళ్ళు పెట్టి చూసి, "ఏటిరా ఇది, ఉప్పుకొఠారు తెగి మీద పడ్డట్టుంది" అంది. నాన్న చిన్నపిల్లాడిలా రెండు చేతులతో మంచు తీసి మొహానికి రాసుకున్నాడు. ఆ ఫోటో నా ఫోన్‌లో ఇంకా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా, ఆ మొహానికి ఇంకా రెండు రోజులే మిగిలాయి అనిపిస్తుంది. ఆ తర్వాత నాన్న అలా నవ్వడం నేను చూడలేదు.

మంచు ఆగలేదు. రెండో రోజు కరెంటు పోయింది, గదిలో ఉన్న హీటరు పనికిరాకుండా పోయింది. ఇంటావిడ ఇనప కుంపటి ఒకటి పైకి పంపింది, బొగ్గులతో. దాన్ని గది మధ్యలో పెట్టి రాజేసిన తర్వాత నాన్న లేచి, ఉన్న ఒక్క కిటికీ తలుపు కొంచెం తెరిచాడు. చలిగాలి చాకులా లోపలికొచ్చింది.

"ఏటండీ ఇది?" అంది అమ్మ.

"తెరిచే ఉంచాలి. ఇది మూసి కుంపటి ఎట్టకూడదు" అన్నాడు నాన్న. మా ఇంట్లో ఎప్పుడూ తక్కువ మాట్లాడేది నేనూ నాన్నే. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన పాఠం చెప్పినట్టు చెప్తాడు. "బొగ్గు కాలితే గ్యాసొస్తాది. దానికి వాసనుండదు, రంగుండదు. నిద్దరొచ్చినట్టుంటాది, అంతే. ప్లాంట్‌లో మాకు జేబులో మీటరుంటాది, గ్యాసుంటే కూత్తాది. ఇక్కడ మీటరేదీ? ఈ కిటికీయే మన మీటరు."

"మీటరంట!" అంది నాయనమ్మ రెండు రజాయిల లోంచి. "ఈ గుంట పుట్టినప్పుడు నీ పెళ్ళాన్ని పదకొండు రోజులు తలుపులేసిన గదిలో ఎట్టినాను. మంచం కింద కుంపటి, సందుల్లో పాత సీరలు కుక్కినాను, గాలి దూరకుండా. తల్లి పోయిందా, పిల్ల పోయిందా? ఇదిగో, గుర్రంలాగ తిరుగుతంది."

"అది పెంకుటిల్లే అమ్మా. నువ్వు కిందెన్ని సీరలు కుక్కినా పైనంతా సందులే. దీనికి పైన మూరెడు మంచు, గోడలకి చెక్కలు, చెక్కలకి పేపర్లు. డబ్బాలో కూకుని మూతేసుకున్నట్టు."

"నువ్వు బొగ్గు కాల్సడానికి పోకముందునించీ నాను కుంపట్లు ఎడతన్నాను రా."

"నీ అగ్గిపెట్టి ఇలాగియ్యి" అన్నాడు నాన్న.

నాయనమ్మ అనుమానంగా చూసి బొడ్లోంచి తీసి ఇచ్చింది. నాన్న దాన్ని కిటికీ తలుపుకీ చట్రానికీ మధ్య నిలబెట్టాడు. తలుపు దాన్ని ఆనుకుని ఆగింది. రెండు వేళ్ళు పట్టేంత సందు. "ఇది తియ్యకూడదు. సుట్ట కాల్సుకోవాలంటే తీసి, ఎలిగించుకుని, మళ్ళీ అక్కడే ఎట్టు. ఎరికయిందా?"

"ఓలమ్మ! నా అగ్గిపెట్టికి డూటీ ఏసేసినాడు, సూసినావేటే" అంది నాయనమ్మ నాతో. అందరం నవ్వాం. ఆవిడ చెప్పినట్టే చేసింది కూడా. ఆ రోజూ మర్నాడు పొద్దున్నా చుట్ట వెలిగించుకున్న ప్రతిసారీ ఆ వయసులో లేచి వెళ్ళి అగ్గిపెట్టె తిరిగి కిటికీలో పెట్టింది. అది నేను చూశాను. అందుకే ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

మూడో రోజు మధ్యాహ్నం మంచు కాస్త తెరిపి ఇచ్చింది. రోడ్డు మీదికి మంచు తీసే జేసీబీ వచ్చిందేమో చూసొస్తానని నాన్న బయల్దేరాడు. మూడు రోజులుగా రొట్టెలు తిని విసిగిపోయిన అమ్మ, ఇంటినించి తెచ్చుకున్న బియ్యం, చిన్న కుక్కరు తీసుకుని కింద ఇంటావిడ వంటింట్లోకి వెళ్ళింది. పై గదిలో నేనూ నాయనమ్మా మిగిలాం. నాయనమ్మ నిద్రపోతోంది.

నాన్న బూట్లు వేసుకుంటూ అన్నాడు, "గ్యాస్ దగ్గరికి మేం ఒక్కలం ఎప్పుడూ ఎల్లం. ఇద్దరెల్తాం. ఒకడు పని సేస్తే ఒకడు సూస్తాడు. నాయనమ్మ పడుకుంది కాబట్టి సూసీది నువ్వు. కిటికీ జాగర్త."

నేను తలూపాను.

నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. ఆ గ్యాస్ రక్తంలోకి వెళ్ళి ఏం చేస్తుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తెలియక చేశానని చెప్పుకోడానికి నాకు వీల్లేదు.

కరెంటు లేదు కాబట్టి గదిలో వెలుతురు కిటికీ దగ్గరే ఉంది. డైరీ రాసుకోవాలంటే అక్కడే కూర్చోవాలి. ఆ సందులోంచి వచ్చే గాలి సరిగ్గా నా కుడిచేతి మీద పడుతోంది. రెండు వాక్యాలు రాయగానే వేళ్ళు బిగుసుకుపోయి పెన్ను జారిపోయేది. చంకలో పెట్టుకుని వేడి చేసుకుని మళ్ళీ రాసేదాన్ని. అలా అరపేజీ అయింది. ఆ రోజు నా తలలో చాలా ఉంది రాయడానికి. మంచు పడుతున్నప్పుడు ఊళ్ళో శబ్దాలన్నీ ఎలా పోయాయో, గొడ్లసావిడి లోపలి నుంచి ఆవు ఒక్కటే ఎలా అరిచిందో. మర్చిపోతానేమోనని భయం. కిటికీ అద్దం మూసినా వెలుతురు వస్తుంది కదా అనుకున్నాను. పది నిమిషాలే అనుకున్నాను.

అగ్గిపెట్టె తీశాను. చేతిలో అడ్డంగా ఉందని నాయనమ్మ తలగడ పక్కన పెట్టాను. కిటికీ మూస్తే గాలికి టకటకమని కొట్టుకుంటోంది. నాన్న తువ్వాలు తీసి ఆ సందులో కుక్కాను. నాయనమ్మ చెప్పిన పాత చీరలు ఆ సమయంలో గుర్తొచ్చాయో లేదో నాకు తెలియదు.

చాలా హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి. మూడు రోజుల్లో మొదటిసారి నా చేతులు నావిగా అనిపించాయి. పేజీన్నర రాశాను. తలనొప్పి మొదలైతే ఆకలి వల్ల అనుకున్నాను. కింద కుక్కరు కూసింది. ఆ పేజీలో చివరి వాక్యం "అన్నం ఉడుకుతోంది, లేచి" అని ఆగిపోయింది.

తర్వాత నాకు గుర్తున్నది మొహానికి తగిలిన చల్లదనం. నన్ను ఎవరో రెక్క పట్టుకుని ఈడుస్తున్నారు. నాన్న అరుస్తున్నాడు, మాటలు కావు, ఉత్త అరుపు. గది బయట వసారాలో మంచు మీద నన్ను వదిలేసి మళ్ళీ లోపలికి పరిగెత్తాడు. నాయనమ్మని రజాయితో సహా ఎత్తుకుని వచ్చాడు. ఆవిడ చెయ్యి ఒకటి కిందికి వేలాడుతోంది. అమ్మ మెట్లెక్కి వచ్చి, గరిటె చేత్తో పట్టుకునే నిలబడిపోయింది.

"అమ్మా! ఓలమ్మా! కల్లు తెరు! అమ్మా!" నాన్న నాయనమ్మ చెంపల మీద కొడుతున్నాడు. ఇంటావిడ వచ్చి ఆవిడ పాదాలు పట్టుకుని రుద్దుతోంది. నేను కటకటాలు పట్టుకుని వాంతి చేసుకుంటున్నాను, చేసుకుంటూ వెనక్కి తిరిగి చూస్తున్నాను. నాయనమ్మ నోరు తెరుచుకుని ఉంది. అందులో నిప్పు లేదు, ఏమీ లేదు. ఎంతసేపో చెప్పలేను. చంపేశాను అనుకున్నాను. ఆ మాట నాకు స్పష్టంగా, అచ్చులో చదివినట్టు కనిపించింది.

తర్వాత ఆవిడ దగ్గింది. ఇంకోసారి దగ్గింది. కళ్ళు తెరవకుండానే, "ఎందుకురా కొడతన్నావు" అంది.

నాన్న మంచులో కూలబడిపోయాడు. కొంచెంసేపయ్యాక లేచి గదిలోకి వెళ్ళాడు. వచ్చినప్పుడు ఒక చేతిలో తువ్వాలు, ఒక చేతిలో అగ్గిపెట్టె.

"ఇది నీ తలగడ దగ్గరుంది" అన్నాడు. గొంతు నెమ్మదిగానే ఉంది. "సుట్ట కోసం తీసినావా?"

నేను నోరు తెరిచాను. తెరిచానని ప్రమాణం చేసి చెప్పగలను. అందులోంచి ఏదీ రాలేదు. నాయనమ్మ నా వైపు చూడలేదు. నాన్న చేతిలో అగ్గిపెట్టె వైపు చూసింది.

"ఆఁ. నానే. సలికి తాలలేక మూసీసినాను."

"పిల్లని సంపీసి ఉందువు!" నాన్న తన తల్లి మీద అరవడం నేను ఎప్పుడూ వినలేదు. "మూడుసార్లు సెప్పినాను, మూడుసార్లు! పాత సీరలు, పెంకుటిల్లు! నీ ముసిలి బుద్ధి! పిల్లని సంపీసి ఉందువు!" అగ్గిపెట్టెని మంచులోకి విసిరేశాడు. అది పడ్డచోట చిన్న కన్నం పడింది. నాయనమ్మ చాలాసేపు ఆ కన్నం వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాత నాన్న వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని నా తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు నిద్దరోయినావమ్మా. అది అలాగే వొస్తాది. నీ తప్పేటుంది ఇందులో" అన్నాడు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. సిగ్గరిని కాబట్టి చెప్పలేకపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నాన్న చెయ్యి నా తల మీద ఉంది. చెప్తే తీసేస్తాడేమోనని చెప్పలేదు.

మర్నాడు రోడ్డు తెరిచారు. కిందున్న ఊళ్ళో డాక్టరు ఇద్దర్నీ చూసి ఫర్వాలేదన్నాడు. మేం బయల్దేరేటప్పుడు ఇంటావిడ నాయనమ్మని కావలించుకుని, తన బీడీకట్ట ఆవిడ బొడ్లో దోపింది. అగ్గిపెట్టె ఇవ్వబోతే నాన్న మధ్యలో చెయ్యి పెట్టి తీసుకున్నాడు.

పెందుర్తి వచ్చిన రోజే వెనక గదిలో పొయ్యి, చిన్న సిలిండరు మేడమీదికి వెళ్ళిపోయాయి. నాన్న కోపంతో చెయ్యలేదు. భయంతో చేశాడు. జేబులో మీటరు పెట్టుకుని బతికిన మనిషి, తన ఇంట్లోనే గ్యాస్ ఉందని తెలుసుకుంటే ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. రాత్రి పడుకునేముందు వెనక గదిలోకి వెళ్ళి తలగడ కింద తడిమేవాడు, అగ్గిపుల్లలున్నాయేమో అని.

అమ్మ ఫోన్‌లో చుట్టాలందరికీ చెప్పింది. "అత్తకి మతి తప్పుతంది వొదినా. అక్కడ మంచులో పెద్ద గండం తప్పింది." ఆ మాట తిరిగి తిరిగి నిజమైపోయింది. ఊరికి ఒక్కర్తినీ బస్సెక్కనివ్వలేదు. వచ్చినవాళ్ళు ఆవిడతో గట్టిగా, విడివిడిగా మాట్లాడ్డం మొదలుపెట్టారు, చెవిటిదాంతో మాట్లాడినట్టు. పాలవాడు రాలేదు అని ఆవిడ చెప్తే, అమ్మ గేటు దాకా వెళ్ళి చూసి వచ్చేది.

చుట్ట మాత్రం మాన్పించలేకపోయారు. కానీ ఎవరో ఒకరు వెలిగించాలి, అయ్యేదాకా పక్కన నిలబడాలి. నాయనమ్మ చుట్ట నోట్లో పెట్టుకుని వసారాలో కూర్చుని చూస్తూ ఉండేది, ఎవరు అటు వస్తారా అని. మొదట్లో వేళాకోళం చేసేది. "నా కొడుకు గ్యాస్ మేస్త్రీ. నాను సిలిండర్ని. సీలేసినాడు." తర్వాత వేళాకోళం తగ్గింది. పొద్దున్నే ఎప్పటిలాగే మెలకువ వచ్చేది కానీ పొయ్యి లేదు కదా. అమ్మ లేచి టీ పెట్టేదాకా మంచం మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేది. ఒకసారి నేను కంపెనీ బస్సుకి తొందరగా లేచి చూశాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది, పని లేని చేతులు. నేను టీ పెట్టి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "బాగుంది" అంది. బాగోలేదు. బెల్లం ఎక్కువేశానని నాకు తెలుసు.

ఎండాకాలంలో ఒకరోజు ధైర్యం చేశాను, నాకు చేతనైన పద్ధతిలో. నోటితో చెప్పలేను కాబట్టి డైరీలో ఆ పేజీ తెరిచి, నాన్న డ్యూటీ సంచి పెట్టుకునే బల్ల మీద వదిలేశాను. "అగ్గిపెట్టె తీశాను, పది నిమిషాలే" అన్న వాక్యం చూడగానే కనిపిస్తుంది. నేను నా గదిలో తలుపు చాటున నిలబడ్డాను. నాన్న వచ్చాడు, సంచి దించాడు. కాసేపు చప్పుడు లేదు. తర్వాత నా గది తలుపు కొట్టాడు. చేతిలో డైరీ, మూసి ఉంది.

"ఇది బయట వొదిలీసినావమ్మా. ఎవులైనా సదువుతారు. నాను సూడలేదు" అన్నాడు.

ఆయన చూడలేదు. మా నాన్న అలాంటి విషయాల్లో అబద్ధమాడడు. డైరీ తీసుకుని బీరువాలో పెట్టుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం, వెనక మెట్ల మీద నాయనమ్మకి చుట్ట వెలిగించి పక్కన కూర్చున్నాను. ఆవిడ చుట్ట తిప్పి నిప్పు నోట్లో పెట్టుకుంది. తలెత్తితే మేడ మీద పొయ్యి ఉన్న గది కిటికీ కనిపిస్తోంది.

"నాయనమ్మా, ఆ రోజు కిటికీ..." అన్నాను.

"నువ్వు మూసినావు" అంది చుట్ట తియ్యకుండానే. "తువ్వాలు కుక్కుతంటే సూసినాను. కల్లు తెరిసే ఉన్నాను."

నేను ఆవిడ వైపు తిరిగాను.

"సెప్పీదాన్నే, తియ్యే గుంటా అని. కానీ ఎచ్చగా ఉండింది. బాగుంది కదా అని ఊరుకున్నాను. అందులో నాకూ వాటా ఉంది."

"మరి నువ్వు మూశానని ఎందుకు చెప్పావు?"

"మీ నాన్న అప్పుడు ఎలాగున్నాడో సూడలేదేటి? ఎవుల మీదో అరవాల. నా మీద అరిస్తే నాను కన్నతల్లిని, పడతాను. నీ మీద అరిసుంటే? అసలే నోరు లేని గుంటవి. ఇంక జల్మలో నోరిప్పకపోదువు." చుట్ట తీసి బూడిద మింగకుండా ఉమ్మేసింది. "రెండు రోజుల్లో మర్సిపోతాడనుకున్నాను. ఇలాగ నా పొయ్యి మేడెక్కించీస్తాడనుకోలేదు. నాకు మతి పోయిందని ఊరంతా సెప్పీసినారు. పాలోడు రాలేదంటే కూడా నమ్మరు."

అది ఆవిడ ఏడుపు గొంతుతో అనలేదు. మామూలుగా అంది. అందుకే తట్టుకోలేకపోయాను.

"నాన్నకి నేను చెప్పేస్తాను" అన్నాను. "ఆదివారం చెప్పేస్తాను." ఆ వారం నాన్నకి సెకండ్ షిఫ్టు. నేను లేచేసరికి ఆయన నిద్రలో ఉంటాడు, ఆయన వచ్చేసరికి నేను నిద్రపోతాను. ఆదివారమైతే ఇద్దరం ఇంట్లో ఉంటాం. ఆ రోజు బుధవారం.

నాయనమ్మ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

గురువారం పొద్దున్న పదకొండు దాటాక ఆవిడ వెనక వసారాలో కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయిందట. గుండె, అన్నారు. ల్యాబ్‌లోకి ఫోన్లు పట్టుకెళ్ళనివ్వరు, లాకర్లో పెట్టాలి. భోజనానికి బయటికొచ్చి చూస్తే అమ్మవి పద్నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. నేను వెళ్ళేసరికి నాన్న నైట్ డ్రెస్‌తోనే ఆవిడ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. పాడె మీద పెట్టేటప్పుడు నాన్న వీధి చివర కొట్టుకి తనే వెళ్ళి కొత్త అగ్గిపెట్టె తెచ్చాడు. చుట్టల కట్టతోపాటు దాన్ని ఆవిడ బొడ్డు సంచిలో పెట్టి, సంచి తాడు రెండుసార్లు ముడివేశాడు. "ఇంక నీ ఇష్టమే అమ్మా" అన్నాడు.

ఆ ఆదివారం నేను చెప్పలేదు. తల్లిని పోగొట్టుకుని మూడు రోజులైన మనిషికి, నువ్వు ఆవిడ మీద అన్యాయంగా అరిచావని ఎలా చెప్పను అనుకున్నాను. తర్వాత ఆదివారమూ అలాగే అనుకున్నాను. ఇప్పుడు నాన్న రిటైరయ్యాడు. పొద్దున్నే లేచి పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదువుతాడు, ఇంట్లో ఏ పత్రిక కనిపించినా చదువుతాడు. ఈసారి మూసి నా చేతికి ఇవ్వడానికి ఇది డైరీ కాదు.

ఆ గురువారం పొద్దున్న నేను కంపెనీ బస్సు కోసం చెప్పులేసుకుంటున్నాను. నాన్న లోపల నిద్రపోతున్నాడు. నాయనమ్మ వెనక గది గుమ్మంలో, వెలిగించని చుట్ట చేత్తో పట్టుకుని నిలబడింది. వీధి మలుపులో బస్సు హారన్ వినిపించింది. నేను గేటు తీసి పరిగెత్తబోతుంటే వెనకనించి అంది:

"ఆయితారం దాకా ఎందుకే గుంటా, ఇప్పుడే లేపి సెప్పీ. నా అగ్గిపెట్టి నాకిచ్చీమను."